గాలి కాపురం

ఆఫ్రికా గడ్డిమైదానంలో చెదలు కట్టుకున్న ఎర్రమట్టి పుట్ట ఒకటి ఉండేది. అక్కడ తిండికి లోటు లేదని విని రోజూ కొత్త కుటుంబాలు వచ్చి చేరేవి. గదులు చాలలేదు. పుట్ట నడుమ పైనుంచి కిందిదాకా ఉన్న సొరంగాన్ని చూసి, చురుకు అనే మేస్త్రి చెద, "ఇంత చోటు ఖాళీగా పడుంది. ఇక్కడ గదులు కడదాం" అంది.

"అది ఖాళీ కాదే, అందులో గాలి కాపురముంటోంది" అంది నిదానమనే ముసలి చెద.

"పిల్లలు వాకిట్లో పడుకుంటుంటే గాలికి ఇల్లేమిటి అవ్వా?"

సొరంగమంతా గదులు లేచాయి. అన్నిటికంటే పై గదిలో చురుకే పిల్లలతో దిగింది.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం గోడలు పెనంలా కాలాయి. తిండికోసం పెంచుకునే పుట్టగొడుగులు కుళ్లి కంపు కొట్టాయి. ఊపిరాడక అందరూ వాకిలి వైపు పరుగెత్తారు. వాకిలి బయట చెదల్ని తినే నల్లచీమలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. అవి తొందరపడటం లేదు. వాటిని చూసి అందరూ మళ్లీ గదుల్లోకే దూరారు.

"ఏం చేద్దాం అవ్వా?" అని అడిగింది చురుకు.

"గాలి చోటు గాలికిచ్చెయ్యాలి. పై గదితో మొదలుపెట్టు."

చురుకు పిల్లల్ని వీపున ఎక్కించుకుని, తను కట్టిన గోడను తనే కొరికి పడగొట్టింది. పైనుంచి సన్నగా గాలి దూరింది. కింద ఇంకా నూరు గోడలున్నాయి. చురుకు ఒక్కో గోడా తడుతూ కిందికి దిగింది.

ప్రతి గోడ వెనకనుంచీ ఒకే మాట వినిపించింది. "ముందు పక్కవాళ్లది పడగొట్టండి."