ఆరో చిల్లు

"ఆర్విల్! నీ తూటా వచ్చి ఈ అమ్మాయి కాగితంలో పడిందయ్యా!"

హోయ్ట్ పర్డీ గొంతుకి క్లబ్బు షెడ్డు రేకులు అదిరాయి. పోటీకి జడ్జీ అతనే. చేతిలో రెండు టార్గెట్ కాగితాలు రెపరెపలాడుతున్నాయి. డార్లా మినిక్ కాగితంలో ఆరు చిల్లులు. ఆమె పక్కనే నిలబడి కాల్చిన ఆర్విల్ టాక్ కాగితంలో నాలుగే. ఆఖరి రౌండులో మనిషికి ఐదు తూటాలు, అందరూ ఒకేసారి కాల్చాలి. ఆ మోతలో ఎవరు ఎన్ని కాల్చారో దేవుడికే తెలియాలి.

"నావి ఐదూ నా కాగితంలోనే ఉన్నాయి. ఈ చిల్లు చూడు, కాస్త వెడల్పుగా లేదూ? ఒకే దాంట్లోంచి రెండు వెళ్లాయి," అన్నాడు ఆర్విల్.

"ప్రతి శనివారం ఎవడో ఒకడు చెప్పే కథే ఇది."

"నేను చెప్పడం ఇదే మొదటిసారి కదా!"

"మరి ఈవిడ దాంట్లో ఆరోది ఆకాశంలోంచి ఊడిపడిందా?"

షెడ్డంతా గొల్లుమంది. చిల్లీ మాంసం కూర గిన్నె దగ్గర్నుంచి ఎవరో అరిచారు, "తాతా, కళ్లజోడు మార్చు!"

ఆర్విల్ నవ్వలేదు. అతని చూపు బల్ల మీదున్న బహుమతి దగ్గరే ఆగిపోయింది. పంతొమ్మిది వందల ముప్పైల నాటి పాయింట్ టూ టూ రివాల్వర్. ఆరంగుళాల గొట్టం, వాల్‌నట్ పిడి. ఆ వరుసలో వచ్చినవన్నీ ఇంట్లో అతని అల్మరాలో ఉన్నాయి. ఇదొక్కటే ఏ సంతలోనూ దొరకలేదు.

"పోనివ్వండి హోయ్ట్," అంది డార్లా తియ్యగా. "పెద్దాయన చెయ్యి వణికుంటుంది. నేనేమీ అనుకోను."

"నా చెయ్యి వణకదమ్మాయ్."

"రూలు రూలే," అన్నాడు హోయ్ట్. "పక్కవాడి తూటా వచ్చి పడితే, ఉన్నవాటిల్లో మంచివి ఐదు తీసుకుంటాం. డార్లాకి నలభై ఏడు. నీకు నాలుగు పదులు, నలభై."

"నా ఐదోది కలిపితే యాభై!"

"కలపను. ఇంకో మాట. వచ్చేవారం నుంచి నువ్వు కాల్చే లైను మీదికి రావద్దు. ఇవాళ పక్క కాగితానికి పడింది, రేపు నా టోపీకి పడుతుంది."

మళ్లీ నవ్వులు. ఆర్విల్ తన రివాల్వర్ సంచీలో పెట్టుకుని, పాత కాఫీ డబ్బా అందుకున్నాడు. రౌండు అయ్యాక బల్లల మీది ఖాళీ తూటా తొడుగులు ఏరడం ఎప్పుడూ అతని పనే.

"చూపు ఆనకపోయినా చెత్త బాగానే కనబడుతుందే!" అన్నాడు చిల్లీ తింటున్నవాడు.

"కనబడక్కర్లేదు నాయనా. ఒక్కో రివాల్వర్ సుత్తి తూటా అంచుని ఒక్కోలా కొరుకుతుంది. ఎవరిదేదో కళ్లు మూసుకుని చెబుతా. నీది వంకర గీత, డార్లాది అర్ధచంద్రం."

డార్లా అప్పటికే బహుమతి పెట్టె పక్కన నిలబడి ఫోటోకి నవ్వుతోంది. ఆఖరి రౌండు అవగానే రివాల్వర్ సిలిండర్ తెరిచి ఆమె దులిపిన ఖాళీలు, ఆమె బల్ల మీద వెల్లకిలా పెట్టిన టోపీలో ఉన్నాయి.

"నీ ఖాళీలు తీసేయనా అమ్మాయ్?"

"తీసుకోండి, తీసుకోండి!" అంది వెనక్కి తిరక్కుండానే.

ఆర్విల్ ఒక్కొక్కటే అంచు తడిమి డబ్బాలో వేశాడు. అర్ధచంద్రం, టింగ్. అర్ధచంద్రం, టింగ్. మూడు. నాలుగు. ఐదు.

చెయ్యి టోపీలోనే ఆగిపోయింది. వేళ్లకి ఇంకోటి తగిలింది. నెమ్మదిగా దాని అంచు తడిమాడు. అదీ అర్ధచంద్రమే.

"హోయ్ట్," అన్నాడు తాపీగా, "ఆ పెట్టెకి తాడు కట్టకు. ఆకాశంలోంచి ఊడిపడిన ఆరోది ఈవిడ టోపీలో ఉంది."