తడి బరువు

ఇంద్రసేనయ్య పత్తి మూటలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు.

"తడి," అన్నాడు. "ఇది పత్తి బరువు కాదు, నీళ్ళ బరువు. రెండు కిలోలు తరుగు తియ్ రామాంజీ."

కాటా దగ్గరి రామాంజి తరుగు తీశాడు.

"మంచుకు నానిందప్పా," అంది మూట తెచ్చిన ఆడమనిషి. అంతకు మించి వాదించలేదు. ఎమ్మిగనూరు నుంచి పత్తి ఏరడానికి వచ్చిన కూలి. పేరు మరియమ్మ.

ఇంద్రసేనయ్య చేతిని ఏమార్చిన పత్తి ఆదోనిలో లేదంటారు.

దుకాణం వెనకే ఇల్లు. గ్రిల్లు వరండాలో ఆసుపత్రి వాళ్ళు కొనమన్న చిన్న కాటా. కోడలు శ్రీలక్ష్మి ఆరేళ్ళ కొడుకు ఆకాష్‌ను దాని మీద నిలబెట్టింది. బెంగళూరులో వాడికి మూలకణాలు ఎక్కించి నలభై రోజులైంది. ఎముకల గూడై ఇల్లు చేరిన బిడ్డ. పూటకోసారి వాణ్ణి తూస్తే తప్ప ఇంద్రసేనయ్యకు కాలు నిలవడం లేదు.

"పదిహేడూ రెండు వందలు మామా."

"నాలుగు దినాల్లో కిలో పైన! సూడు రామాంజీ, మావాడు కండ పట్టినాడు."

"సావుకారప్పా," గ్రిల్లు అవతల నుంచి మరియమ్మ పిలిచింది. "అంగీ ఎత్తి సూడు. కాళ్ళూ సేతులూ పుల్లల మాదిరే ఉండాయి. పొట్ట ఒకటే పెరిగింది. ఇదీ తడి బరువే."

ఇంద్రసేనయ్య గిర్రున ఆమె వైపు తిరిగాడు.

"ఏమంటివి?"

"కార్జం సెడతాందప్పా. బెంగళూరుకు తోడుకపో."

"నువ్వేమన్నా డాక్టరమ్మవా? మొన్ననే రక్తం సూపించినాం. కామెర్లు లేవు. కండ్లు పాల మాదిరి తెల్లగుండాయి."

"కండ్లు ఆఖర్న సెప్తాయప్పా. ముందు సెప్పేది మొలతాడు."

శ్రీలక్ష్మి చెయ్యి కొడుకు నడుం మీదికి పోయింది.

"నిన్ననే వదులు చేసి కట్టినాను మామా. మళ్ళీ ఒత్తుకుంటాంది..."

"నువ్వు లోపలికి పో!" ఇంద్రసేనయ్య గ్రిల్లు దాకా వచ్చాడు. "ఎదిగే బిడ్డను సూసి ఓర్వలేక పొట్ట పెరిగిందంటావా? నీ దిష్టి పాడుగాను! మళ్ళీ ఈ వాకిట్లో కనపడితే మర్యాదుండదు."

సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ దిగదీసి నిప్పుల్లో వేశారు. ఘాటు రాలేదు. దిష్టి తగిలిందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

మర్నాడు మరియమ్మ మళ్ళీ వచ్చింది. నెత్తిన మూట లేదు.

"ఆస్పత్రోళ్ళు కాగితం ఇచ్చింటారు గదప్పా. దాంట్లో మొదటి మాట ఏముందో సదువు."

"నీకు సదువొచ్చునా?"

"లేదప్పా. ఏలిముద్రే."

"సదువు రానిదానివి నాకు సదువు నేర్పనీకొస్తివా?"

రామాంజి పకపకా నవ్వాడు.

ఆ కాగితం దేవుడి పటం వెనక భద్రంగా ఉంది. తెచ్చిన రోజు దానికి పసుపు కుంకుమలు అద్దినవాళ్ళే గాని మడత విప్పినవాళ్ళు లేరు.

మూడో రోజు ఆమె ఇంద్రసేనయ్యతో మాట్లాడలేదు. ఆయన దుకాణంలో ఉన్నప్పుడు గ్రిల్లు సందులోంచి శ్రీలక్ష్మికి ఒక దారప్పోగు అందించింది.

"బొడ్డు మీదుగా సుట్టి, కలిసిన కాడ ముడెయ్ తల్లీ. రేప్పొద్దున మళ్ళీ సుట్టు. ముడి కాడికి రాకపోతే ఎవురి మాటా ఇనొద్దు."

శ్రీలక్ష్మి చాటుగా చుట్టింది. తెల్లారి మళ్ళీ చుట్టింది.

దారం కలవలేదు. రెండు వేళ్ళ సందు.

"తాతా, ఈడ నొప్పి," అని ఆకాష్ కుడి డొక్క పట్టుకున్నాడు. ఎగశ్వాస తీస్తున్నాడు.

ఇంద్రసేనయ్య వాడి అంగీ ఎత్తి పొట్ట మీద చెయ్యి పెట్టాడు. అరచేతి కింద నీళ్ళు కదిలాయి.

ఆ చేతికి తడి తెలుసు.

కొడుకు శశికాంత్ కారు తీశాడు. బెంగళూరు బయలుదేరే ముందు ఇంద్రసేనయ్య దేవుడి పటం వెనకనున్న కాగితాన్ని మడత విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు.

ఆసుపత్రిలో నందిని డాక్టరు పొట్ట నొక్కి చూసింది, స్కానింగు చూసింది, బిడ్డను లోపలికి పంపి బయటికి వచ్చింది.

"కాలేయంలో సన్నని రక్తనాళాలు పూడుకుపోయాయి. మూలకణాలు ఎక్కించిన పిల్లల్లో కొందరికి ఇలా అవుతుంది. నీరు చేరి ముందు పొట్ట, బరువు పెరుగుతాయి. కళ్ళు పచ్చబడాలనేం లేదు."

"మందు లేదా తల్లీ?"

"ఉంది, మొదలుపెట్టాం. మూడు రోజుల ముందు వచ్చుంటే ధైర్యం చెప్పేదాన్ని. ఇప్పుడు కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి."

ఇంద్రసేనయ్య కూర్చున్నాడు, లేచాడు, గాజు తలుపు దాకా పోయి వచ్చాడు.

డాక్టరు చూపు శ్రీలక్ష్మి వేళ్ళకు చుట్టుకున్న దారం మీద ఆగింది.

"దారంతో కొలవమని ఎవరు చెప్పారు?"

"ఎమ్మిగనూరామె. పత్తి ఏరే మరియమ్మ."

డాక్టరు ఆ పేరు మెల్లగా మళ్ళీ పలికింది.

"మేమిచ్చిన కాగితం తెచ్చారా? మొదటి మాట చదవండి."

ఇంద్రసేనయ్య జేబులోంచి పసుపు మరకల కాగితం తీశాడు. మొదటిసారి మడత విప్పాడు.

"రోజూ బొడ్డు మీదుగా పొట్ట కొలవండి. ఒక్క వేలు పెరిగినా ఆగకుండా రండి."

"ఏడేళ్ళ కిందట ఈ మాట ఇందులో లేదు," అంది డాక్టరు. "కొడుకు మొలతాడు బిగుస్తోందని ఒక తల్లి మూడు రోజులు నా వెంట తిరిగింది. కళ్ళు తెల్లగానే ఉన్నాయి, నీకేం తెలుసు, పొమ్మన్నాను. నాలుగో రోజు ఆమె బిడ్డ సామ్సన్ పోయాడు."

డాక్టరు కాగితంలోని మొదటి వరుస మీద వేలు పెట్టింది.

"ఆ మొదటి మాట మరియమ్మదండీ, నేను రాసి ఆమెకు చదివి వినిపించాను, అంతే."