నర్సింగ్ గొంతు

నర్సింగ్ ర్యాప్‌లన్నీ తాను పుట్టిన రాళ్లగడ్డ బస్తీ గురించే. వాటితోనే నగరమంతటా పేరొచ్చింది. పేరొచ్చాక గొంతును ఒక కంపెనీకి రాసిచ్చాడు; ఆ గొంతుతో కంపెనీ యంత్రం ఏ మాటైనా పలికించొచ్చు. అప్పటికి పాటగాళ్లందరూ చేస్తున్న పనే అది. గొంతు ఎక్కడెక్కడో పాడుతూ ఉంటుంది, మనిషి ఇంట్లో కూర్చుంటాడు.

ఒక ఉదయం మేనత్త సాయవ్వను చూడ్డానికి వెళ్లేసరికి బస్తీ జనం సామాన్లు ఆటోల్లోకి ఎక్కిస్తున్నారు. సందు మొదట్లో ఆగిన మునిసిపాలిటీ బండి మైకు లయగా చెబుతోంది: "అన్నలారా, అక్కలారా, పొద్దుగూకేలోపు ఇండ్లు ఖాళీ చెయ్యుండ్రి."

అది నర్సింగ్ గొంతే.

సాయవ్వ గిన్నెలు మూట కడుతూ తలెత్తింది. "ఇదివరకు ఆఫీసరొచ్చి చెప్తే ఎవ్వరం కదల్లే బిడ్డా. ఇయ్యాల నువ్వే చెప్తున్నవ్ గదా. మన పోరడు మన చెడు కోరడని అందరం ఒప్పుకున్నం."

"అది నేను గాదత్తా. మూట దించు."

"మరెవరు బిడ్డా?" అంది ఆమె, నిజంగానే అర్థంకాక.

ఇరుగుపొరుగు ఆప్యాయంగా పలకరిస్తుంటే ఎవరి ముఖమూ చూడలేక, నర్సింగ్ సాయవ్వ బియ్యం డబ్బా ఎత్తి ఆటోలో పెట్టాడు.