కర్త లేని వాక్యాలు

"నాన్న ఎలా ఉన్నారమ్మా?"

యూనివర్సిటీ హాలు గుమ్మంలోనే అడిగింది వేద. ఈ ప్రశ్నకు ఏం చెప్పాలో విజయశ్రీ కారులో దారంతా మాటలు కూడబలుక్కుంటూనే వచ్చింది.

"నొప్పి లేదు. ట్యూబులన్నీ తీసేశారు. ఇక ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. నువ్వెళ్లి బాగా మాట్లాడు."

వేద తల్లిని ఒకసారి గట్టిగా వాటేసుకుని వేదిక వైపు నడిచింది.

చెప్పినదాంట్లో ఒక్కటీ అబద్ధం కాదు. భర్త రవికాంత్ ఆ ఉదయమే వాళ్ల ఊరు పార్సిప్పనీ దగ్గరి ఆసుపత్రిలో చనిపోయాడు. "ఏం జరిగినా వేద పీహెచ్‌డీ డిఫెన్స్ ఆగకూడదు, నువ్వక్కడ కూర్చోవాలి" అని అంతకుముందే భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆమెను కోసేస్తున్నది మరొకటి. రాత్రంతా మంచం పక్కనే కూర్చుంది. కాఫీ కోసం కిందికి దిగిన కాసేపట్లోనే ఆయన వెళ్లిపోయాడు. ఇన్నేళ్లు కాపురం చేసి, ఆఖరి ఊపిరికి పక్కన లేకపోయింది.

వేద మొదలుపెట్టింది. విక్టోరియా రాణి కాలంలో మద్రాసు కరువు గురించి ఇంగ్లండు పాలకులు ఎలాంటి భాష వాడారన్నది ఆమె పరిశోధన.

"కరువు అనాల్సిన చోట కొరత అన్నారు. జనం చనిపోయారనరు, మరణాలు మామూలు కన్నా హెచ్చాయంటారు. చేయగలిగినదంతా చేయబడింది అంటారు, ఎవరు చేశారో చెప్పరు. విడివిడిగా చూస్తే ఏ వాక్యమూ అబద్ధం కాదు."

చివరి వరుసలో విజయశ్రీ తల దించుకుంది.

"అలా మాట్లాడేవాళ్లంతా మోసగాళ్లేనంటారా?" ఒక ప్రొఫెసర్ అడిగాడు.

వేద కాసిని నీళ్లు తాగింది.

"కాదు. ఎదుటి మనిషి తట్టుకోలేడని మాట మార్చేవాళ్లూ ఉంటారు. ఎవర్ని కాపాడటానికి మార్చారో చూడాలి. వీళ్లు కాపాడుకున్నది తమనే."

చప్పట్లు మోగాయి. ఇక నుంచి ఆమె డాక్టర్ వేద.

పార్కింగ్‌లో తల్లి చేతిలోని తాళాలు తీసుకుంది. "నేను డ్రైవ్ చేస్తా, నువ్వు కూర్చో."

కూర్చుంది గానీ విజయశ్రీకి ఇక ఆగలేదు. "వేదా, నాన్న లేరే. పొద్దున్నే పోయారు. నీకు చెప్పొద్దన్నారు."

వేద ఉలిక్కిపడలేదు. తాళం తిప్పబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నన్ను క్షమించవే. కాఫీకని వెళ్లాను, అంతే. వచ్చేసరికి... ఆ గదిలో ఒక్కరే ఉన్నారు. పోయేటప్పుడు మనవాళ్లు ఒక్కరు కూడా లేరు."

వేద తల్లి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"లేదమ్మా, అప్పుడు నర్స్ నాకు ఫోన్ చేసింది, నాన్న చెవి దగ్గర పెట్టిన ఆ ఫోన్‌లో నేనున్నాను."