ఇంటికి రానన్న పిల్ల

పిల్లల మానసిక వైద్యశాలలో డాక్టరు ఇంటికి పంపిస్తానన్న ప్రతిసారీ పదిహేనేళ్ల సోల్హీ "నేను పోను" అంటూనే ఉంది.

ఈసారి తల్లి యున్‌జు ఓపిక నశించింది. బుసాన్‌లోని ఇంటి నుంచి మోసుకొచ్చిన కింబాప్ అన్నం చుట్టల డబ్బా పక్కనబెట్టి, కూతురి మంచం మీద కూలబడింది.

"నేనంటే అంత అసహ్యమా?"

"అసహ్యమేంటమ్మా! నేనేమైనా చేసుకుంటానేమోనని రాత్రంతా నా గుమ్మం దగ్గరే కూర్చునేదానివి. నేనిక్కడుంటే నువ్వన్నా నిద్రపోతావని..."

"పిచ్చిదానా, నువ్వు లేని ఇంట్లో నాకు నిద్రెక్కడిదే!"

యున్‌జు కూతురి భుజం మీద తల వాల్చింది.

కాసేపటికి నర్సు తలుపు తీసి, "టైమైపోయిందండీ" అంది.

సోల్హీ కదలకుండా పెదాల మీద వేలుంచుకుంది.

"మెల్లగా అక్కా. అమ్మ ఇప్పుడే పడుకుంది."