చివరి పేజీలో కాఫీ

“అమ్మాయ్, కాఫీ ఇప్పిస్తావా?”

ఓకేగారు బల్ల దగ్గరికొచ్చి అలా అడిగేసరికి, ఆమె చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

ఆసుపత్రుల్లో మందుల మోతాదు లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ వాళ్ల కంపెనీది. ఆమె చేసే ప్రతి మార్పూ ఆయన ఒప్పుకున్నాకే వార్డులకు వెళ్తుంది. ఆయన జవాబు ఎప్పుడూ నీరసంగా ఒకటే మాట, ఓకే. ఓకేగారన్న పేరు అలా వచ్చిందే.

అసలు చదువుతారా అని ఒళ్లుమండి, మూడేళ్ల కిందట ఆయనకు పంపే మార్పుల పత్రం చివరి పేజీలో ఒక వాక్యం ఇరికించింది: ‘ఇక్కడిదాకా చదివినవాళ్లకు నేను కాఫీ ఇప్పిస్తాను.’ అప్పటినుంచి ప్రతి పత్రంలోనూ పెడుతూనే ఉంది. ఆయన ఒక్కసారీ అడగలేదు. చదివే దిక్కు లేదని తేలిపోయాక, పంపే ముందూ పంపిన తర్వాతా తనే కళ్లు లాగేదాకా చదువుకునేది.

“అంటే చదివారా! మరి ఇన్నాళ్లూ అడగలేదేం సార్?”

“పోయినేడు పసిపిల్లల మోతాదులో దశాంశ చుక్క పక్కకు జరిగింది, గుర్తుందా? మందు పదింతలు పడేది. నేను రెండుసార్లు చదివాను. నాకు కనబడలేదమ్మా, ఓకే అనేశాను. నువ్వే మళ్లీ చదివి వెనక్కి తీసుకున్నావు. నేను చదువుతున్నానని తెలిస్తే, నువ్వు మళ్లీ చదివేదానివా?”

ఆమె లేచి వెళ్లి, మెషిన్ నుంచి రెండు కాఫీలు పట్టుకొచ్చింది.

“ఇవాళే నాకు ఇక్కడ ఆఖరు రోజు. రేపటినుంచి నా కుర్చీ నీది. ప్రతి అక్షరం చదువు. చదివినట్టు మాత్రం ఎవరికీ తెలియనివ్వకు.”

“ఓకే,” అంది ఆమె, అచ్చం ఆయనలాగే నీరసంగా.