మళ్ళీ మొదటి అధ్యాయం

"పడవల పండుకున్నదెవలు?" ధర్మయ్య మళ్ళీ అడిగాడు.

"ఏ పడవల సారూ?" అంది సైదమ్మ.

"ఇంతసేపు సదివిందేంది మరి? తుఫానొచ్చింది, నీళ్ళు లోపలికొచ్చినయ్, ప్రభువు పండుకున్నడు. ఎక్కడ పండుకున్నడు?"

సైదమ్మ తల గోక్కుంది.

"ఇంట్ల, అర్రల."

ధర్మయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తాలూకా కచేరీలో జీవితమంతా గుమాస్తాగా చేసిన మనిషి. కచేరీ కాగితాల్లో ఉర్దూ పోయి తెలుగు వచ్చిన ఏడాదే ఆయనా రిటైరయ్యాడు. లేఖనాలను కూడా ఫైలు చూసినట్టే చూసేవాడు. చెవిమీద ఎర్ర పెన్సిలు, వరుస కింద వేలు. అర్థమైన చోట టిక్కు పెట్టేవాడు. కాని చోట "తదుపరి విచారణకు" అని రాసేవాడు.

షాద్‌నగర్ చర్చి పాస్టరు దానం అయ్యగారు ఆ ఏడు ఒక పద్ధతి పెట్టారు. చదువొచ్చినవాళ్ళు, చదువురాని ఒకరి దగ్గర కూర్చుని బైబిల్లోని మార్కు సువార్త వినిపించాలి. రోజుకు కొంచెమే, అదీ పైకి చదవాలి. విన్నవాళ్ళు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. మర్నాడు పొద్దెక్కేలోగా ఇంకెవరికైనా చెప్పాలి. అయ్యగారి ముందు అప్పజెప్పగలిగితే పాసు. అప్పుడు చదివే మనిషి ఇంకో ఇంటికి వెళ్ళిపోవాలి.

ధర్మయ్యకు గోడ పక్కింటి సైదమ్మ వంతుకొచ్చింది. బాప్తిస్మం తీసుకుందని చుట్టాలు రావడం మానేశారు. ఆ తర్వాత భర్త పోయాడు. ఇంట్లో ఆమె, ఒక మేక మిగిలారు. భార్య పోయాక ధర్మయ్యకు మేక కూడా లేదు.

"నిన్నటిది ఎవలకన్న జెప్పినవా?"

"ఎవలకు జెప్పాలె సారూ? మా ఇంటికెవలొస్తరు?"

"గందుకే నీకు యాదికుంటలేదు," అని ధర్మయ్య తుఫానును మళ్ళీ మొదటినుంచి లేపాడు.

ఆ మేకతో ఆయనకు పాత తగాదా. దాన్ని కట్టేసేది సరిగ్గా ఆయన కిటికీ కిందే. దాని కంపు గురించి ఆయన చెప్పని మనిషి వీధిలో లేడు. అయినా రోజూ పొద్దున్నే ఆ కిటికీ బార్లా తీసి, పక్కనే కూర్చుని చాయ్ తాగేవాడు. పొద్దుగాలి మంచిదని దవాఖానలో చెప్పారట. ఒకసారి సైదమ్మ "మేకను గా పక్కకు కట్టేస్త సారూ" అని తాడు విప్పబోతే, "అటు నీళ్ళు నిలుస్తయ్, వద్దు" అని ఆయనే ఆపాడు. ఆపి, "గ్లాసెడు పాలు పిండెతందుకు గంటనా?" అని సణిగాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు ఇద్దరినీ నిలబెట్టారు. పోయినసారి తప్పిన పరీక్షే.

"సైదమ్మా, గంతమంది జనానికి ప్రభువు ఏం పెట్టిండు?"

సైదమ్మ ధర్మయ్య వైపు చూసింది. ధర్మయ్య పైకప్పు వైపు చూశాడు.

"జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం."

వెనక బెంచీలో ఎవరో "రొట్టెలు, చేపలు!" అని నవ్వారు.

"సరే, పోనీ. పడవల పండుకున్నదెవలు?"

"పడవ నడిపేటోడు."

అయ్యగారు పుస్తకం మూసేశారు.

"ధర్మయ్యా, ఇంగ నీతోని గాదు. కొల్లాపూర్‌ల ఎందరికో నేర్పిన బైబిల్ స్త్రీ నర్సింగమ్మ వచ్చి ఉన్నది. రేపటిసంది సైదమ్మకు ఆమె సదువుతది. నువ్వు రైలు పట్టాల అవతల ఐలేశం ఇంటికి పో. మగ్గం నేసుకుంటనే ఇంటడు. హుషారు మనిషి."

సైదమ్మ కొంగు చివరను వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

ధర్మయ్య గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారూ, కచేరీల నేను ఒక్క ఫైలు గూడ సగంల ఇడిసిపెట్టలే. ఇది నా ఇజ్జత్ ముచ్చట. గీమెను పాస్ జేయించినంకనే ఐలేశం."

"ఎన్నడైతది గది?"

"గీ బుర్రకా? జర టైం పడ్తది."

"అవునయ్యగారూ," సైదమ్మ గబగబా అందుకుంది. "నాది శాన మొద్దు బుర్ర. నర్సింగమ్మక్కకు ఎందుకు తిప్పల?"

అయ్యగారు ఇద్దరినీ మార్చిమార్చి చూశారు. "సరే. మళ్ళ మొదటినుంచి మొదలువెట్టు."

ఇంటికి వచ్చేటప్పుడు వీధికి ఆ పక్కన ఆమె, ఈ పక్కన ఆయన నడిచారు. చూసేవాళ్ళు ఏమైనా అనుకుంటారని. మాట్లాడాలంటే అరవాల్సి వచ్చింది. కాబట్టి ఊరంతా విన్నది.

"నలుగురిల నా ఇజ్జత్ దీసినవ్!"

"తప్పయింది సారూ. మరి రేపొస్తరా?"

"రాకేం జేస్త? మొదటి అధ్యాయం! జర మనసు పెట్టి ఇను!"

"ఇంట సారూ."

ఆ సాయంత్రం ధర్మయ్య ఒక్కడికే అన్నం వండుకుని, మాడ్చి, మాడింది పక్కకు తీసి తిన్నాడు. గోడ అవతల కూడా ఒక్క గిన్నె చప్పుడే వినిపించింది.

తెల్లవారగానే రోజూలాగే కిటికీ బార్లా తీశాడు. చాయ్ గ్లాసు పట్టుకుని, కుర్చీ కిర్రుమనకుండా మెల్లగా కూర్చున్నాడు.

కిటికీ కింద సైదమ్మ పడవ కథంతా, ఒక్క తప్పు లేకుండా, మేకకు చెబుతోంది.